రెండు వందల తొంభై అడుగులు

"నీకు గ్లైడర్ నడపడం వచ్చు కదా?" అని అడిగాడు చీఫ్ రామ్మూర్తి.

ఈ ఒక్క ప్రశ్న కోసం ఏజెంట్ సురేష్‌బాబు పద్నాలుగేళ్లుగా కాచుకుని కూర్చున్నాడు. జగదల్‌పూర్ మార్కెట్ వెనక, పైకి జిరాక్స్ షాపులా కనిపించే ఆ ఇరుకు ఆఫీసులో అతను కుర్చీ అంచుకి జరిగాడు.

"వచ్చు సార్. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో పద్దెనిమిది ఫ్లైట్లు చేశాను. ఇంకొక్కటి చేస్తే ఒంటరిగా ఎగరడానికి సోలో ఇచ్చేవాళ్లు. సరిగ్గా ఆ వారమే గ్లైడర్ పాతబడిందని షెడ్డులో పడేశారు."

"గుడ్. విషయం తెలిసినవాడే కావాలి. నువ్వు రెక్క పట్టుకుంటావు."

"ఏంటి సార్?"

"రెక్క. గ్లైడర్‌కి ఒంటి చక్రం. వదిలేస్తే పక్కకి ఒరిగిపోతుంది. కేబుల్ లాగగానే ఒక మనిషి రెక్క చివర పట్టుకుని పది అడుగులు పరిగెత్తి వదిలెయ్యాలి. ఆ మనిషివి నువ్వు."

"మరి ఎగిరేది?"

"వేరేవాళ్లు."

సురేష్‌బాబు అనాల్సినవన్నీ ఈ పద్నాలుగేళ్లలో అనేశాడు. కిరండూల్ రైల్వే క్వార్టర్స్‌లో, ఇనుప ఖనిజం మోసే గూడ్సు బండ్ల దుమ్ములో పెరిగిన పిల్లవాడు ఆకాశం తప్ప ఇంకేదీ కోరుకోలేదు. ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు "విమానాల పని కూడా ఉంటుంది" అన్నారు. అబద్ధం కాదు, ఉంది. ఒకసారి ఎయిర్‌పోర్టు క్యాంటీన్లో సమోసాలు అమ్మాడు. ఇంకోసారి హెలికాప్టర్ దిగే మైదానంలో గేదెల్ని తోలాడు. నాకో విమానం ఇవ్వండి మహాప్రభో అని మూడుసార్లు అర్జీ పెడితే మూడుసార్లూ ఒకటే జవాబు: డ్రోన్లు ఉన్నాయిగా.

చీఫ్ గోడ మీద మ్యాప్ పరిచాడు.

"తీరంలో ఒక పరిశోధన కేంద్రం నుంచి భానుప్రసాద్ అనే ఇంజనీరు హార్డ్ డ్రైవ్ కాజేశాడు. మన సబ్‌మెరైన్ ఒక్కొక్కటీ నీళ్లలో ఎలా చప్పుడు చేస్తుందో ఆ గుట్టంతా అందులో ఉంది. అది బయటికి పోతే మన నావికులకి సముద్రంలో దాక్కోవడానికి చోటుండదు. రేవులు, రోడ్లు, ఎయిర్‌పోర్టులు మూసేశాం. వాడు సముద్రం వైపే పోతాడని అందరం అటే చూస్తుంటే, చక్కగా కిరండూల్ ప్యాసింజర్ ఎక్కి ఇటు అడవిలోకి వచ్చేశాడు."

"వెనక ఎవరు సార్?"

"బ్లూ హెరాన్. విదేశీ ముఠా. మరైగూడ దగ్గర పాడుబడ్డ ఎయిర్‌స్ట్రిప్‌లో గ్లైడర్ క్లబ్ పెట్టారు. బోర్డు మీద అడ్వెంచర్ టూరిజం అని ఉంటుంది. నడిపేది వెల్లర్ అనే దొర. గ్లైడర్‌కి ఇంజన్ లేదు, చప్పుడు లేదు, రాడార్ మీద పిట్టంత కూడా కనిపించదు. మంచి ఎండలో వేడిగాలి పట్టుకుంటూ శబరి నది దాటి, మూడు గంటల్లో సముద్రం చేరిపోతుంది. అక్కడ ఓడ కాచుకుని ఉంటుంది."

"ఇప్పుడే పోయి పట్టుకోవచ్చుగా?"

"ఓడ కూడా కావాలి. గ్లైడర్ నేల విడిచిందని వెల్లర్ సిగ్నల్ ఇస్తేనే అది మన జలాల్లోకి వస్తుంది. గ్లైడర్ మాత్రం సముద్రానికి పోదు. ఉత్తరానికి తిరిగి ఇక్కడ, జగదల్‌పూర్‌లో, మన చేతుల్లో దిగుతుంది. ఎందుకంటే దాని పైలట్ స్టెల్లా మన ఏజెంట్. ఏడాది కిందట ముఠాలో చేరింది. నువ్వు 'బండి లేటా' అని అడుగు. 'లేటు కాని రోజేది' అంటే ఆమే."

చివరగా చీఫ్ ఒక సున్నం డబ్బా చేతిలో పెట్టాడు. మూత తిప్పితే శాటిలైట్ ఫోన్.

"ఎండ నలభై డిగ్రీలు దాటితే పనిచేయదు," అన్నాడు.

"సార్, ఇది ఏప్రిల్."

"అయితే పొద్దున్నే మాట్లాడు."

* * *

చిరిగిన బనియను, తలగుడ్డ, రెండు వారాల గడ్డం. భద్రాచలం నుంచి పనికొచ్చిన కూలీ జోగి. మారువేషం అద్భుతంగా కుదిరింది. నోరు విప్పేవరకూ.

"నువ్వు మా దిక్కోడివి కాదు," అంది ఉప్పలమ్మ మొదటిరోజే. "మాట రైలు దిక్కోడి లెక్కుంది. ఏంది సంగతి?"

ఉప్పలమ్మది మరైగూడ. యాభై దాటిన మనిషి. ఇప్పపువ్వు కాలం కావడంతో ఆమె, మరో పదిమంది ఆడవాళ్లు చీకటితో లేచి చెట్ల కింద రాలిన పువ్వు ఏరి, తెచ్చి ఎయిర్‌స్ట్రిప్ మీద ఎండబోస్తారు. చుట్టూ పదిమైళ్లలో అంత చదునైన నేల ఇంకెక్కడా లేదు మరి. ఎవరి హయాంలోనో వేసిన ఆ తారురోడ్డు విమానాల కోసమని వాళ్లకి చెప్పినవాళ్లు లేరు, చెప్పినా వినేవాళ్లు లేరు.

కాబట్టి భారతదేశ రహస్య సేవలో పద్నాలుగేళ్ల అనుభవమున్న ఏజెంట్ సురేష్‌బాబు రోజూ పదకొండింటికి చీపురు పట్టుకుని ఇప్పపువ్వు ఊడ్చేవాడు. ఉప్పలమ్మ వెంటపడి తిట్టేది.

"ఏంది జోగీ, మల్ల ఊడుస్తున్నవా? పువ్వు ఎండనియ్యవా? మీ గాలిబండికి గీ రోడ్డే దొరికిందా?"

చివరికి రాజీ కుదిరింది. గ్లైడర్ లేచే ఈ కొస క్లబ్బుకి, ఆ కొస ఇప్పపువ్వుకి.

స్టెల్లా రెండోరోజు కనిపించింది. ముదురు కళ్లద్దాలు, మెడలో ఎర్ర స్కార్ఫ్, నడకలో ఎవరినీ లెక్కచేయని తీరు. వెల్లర్‌తో ఇంగ్లీషులో, వంటవాడితో హిందీలో, అంగడికొచ్చిన వాళ్లతో అక్కడి హల్బీ భాషలో మాట్లాడేది. గ్లైడర్ పక్కన ఒంటరిగా దొరికినప్పుడు సురేష్‌బాబు మెల్లగా, "బండి లేటా?" అన్నాడు.

ఆమె అద్దాలు పైకి తోసింది. "లేటు కాని రోజేది?" అని, గొంతు తగ్గించి నవ్వింది. "నువ్వు కిరండూలేటి? మాది పక్కనే బచేలి. మా నాన్న రైలు గార్డు. రెక్క బాగా పట్టుకో నాయనా."

పట్టుకున్నాడు. పంతొమ్మిది రోజులు పట్టుకున్నాడు. రన్‌వే అవతలి చివర లారీ ఇంజన్‌తో చేసిన, కేబుల్ చుట్టే వించ్ ఉండేది. వెల్లర్ దాన్ని తిప్పితే కేబుల్ బిగిసేది. చేతిలో రెక్క వణికేది. పది అడుగులు పరిగెత్తాక ఆ వణుకు ఆగి, రెక్క తనంతట తాను తేలేది. ఆ తేలిన క్షణంలోనే దాన్ని వదిలెయ్యాలి. ప్రపంచంలో ఇంతకన్నా దిక్కుమాలిన ఉద్యోగం ఉంటే సురేష్‌బాబుకి చూడాలనుంది. పెళ్లిభోజనంలో పూర్ణాలు వడ్డించేవాడైనా ఎప్పుడో ఒకటి నోట్లో వేసుకుంటాడు.

వదిలేసి, నడుం మీద చేతులు పెట్టుకుని తల ఎత్తి చూసేవాడు. తెల్లటి గ్లైడర్ గద్దల పక్కన గుండ్రంగా తిరుగుతూ పైకి, ఇంకా పైకి. ఒక్కోసారి స్టెల్లా వేడిగాలి నడిమధ్యను వదిలేసి అంచుకి పోయేది. కింద ఇతను, "ఎడమకి... తల్లీ, ఎడమకి!" అని పళ్లు నూరేవాడు. ఒక్కోసారి గాలి ఏమీ దొరక్క ఐదు నిమిషాల్లో దిగిపోయేది. ఆమె మొహం మాడిపోయేది. ఆ నిరాశ చూసినా అతనికి అసూయే. ఆ మాత్రం నిరాశపడే భాగ్యం కూడా తనకి లేదాయె.

ఒక సాయంత్రం ఆమె దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఐదువేల అడుగుల మీద చల్లగా ఉంటాది సురేషూ. ఇప్పపువ్వు వాసన అక్కడిదాకా ఒస్తాది, తెలుసా?"

"చెప్పకు."

"ఏటి, కోపమా?"

"అవును, కోపమే. నీ మీద కాదు. అయినా నువ్వు చెప్పకు."

* * *

ఇరవయ్యో రోజు పొద్దున్న భానుప్రసాద్ మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. చెమటతో తడిసిన చొక్కా, వీపున సంచి. వెల్లర్ ఆ సంచిలోంచి అరచేతిలో పట్టే నల్లటి పెట్టె తీసి స్టెల్లాకి ఇచ్చాడు. ఆమె దాన్ని ముందు సీటు కింద పెట్టి పట్టీ బిగించింది. సురేష్‌బాబు చీపురు కర్ర వెనక నుంచి అంతా చూశాడు.

అంటే ఈరోజే.

ఉప్పలమ్మ పువ్వు తిరగేస్తూ తనలో తనే గొణుగుతోంది.

"పిచ్చి ముదిరింది ఈ క్లబ్బోళ్లకు. శబరి ఒడ్డున మా ఆడిబిడ్డ ఊరుంది. ఆడికి పోయి, ఇయ్యాల పన్నెండు గంటలకు ఇప్పచెట్ల కింద ఆకులు కాల్చున్రి అని చెప్పొచ్చిన్రంట. ఆ వరసల ఉన్న ఊళ్లన్నిటికీ చెప్పిన్రంట. టూరిస్టుల ఫోటోలకంట!"

"కాలుస్తారుగా ఎప్పుడూ?" అన్నాడు సురేష్‌బాబు పరధ్యానంగా.

"ఏంది కాల్చేది? పువ్వు రాలక ముందు కాలుస్తం, నేల సాపుగ ఉండాలని. గదీ చీకట్ల, చల్లపొద్దున. పువ్వు ఏరి ఎండబోసినంక మిట్టమధ్యాన్నం ఎవలన్న నిప్పు పెడ్తరా? పువ్వంతా పొగ కంపు కొట్టదా? ఇప్ప ఏరినోళ్లెవలూ ఆ మాట చెప్పరు."

అతను ఆ మాట ఆలోచించేవాడే. నిజంగా ఆలోచించేవాడే. కానీ అప్పుడే స్టెల్లా వచ్చి భుజం తట్టింది.

"ఎనక సీటు కాళీగా ఉంది. ఒస్తావేటి?"

సురేష్‌బాబు చేతిలోంచి చీపురు జారిపోయింది.

"వెల్లర్ ఒప్పుకుంటాడా?"

"బరువుంటే జోరుగా పోతామని చెప్పాను. ఇసక మూట బదులు జోగిని ఏసుకుంటానన్నాను. సరేనన్నాడు. జగదల్‌పూర్ గంటన్నర. రా సురేషూ. పంతొమ్మిది రోజులు రెక్క మోశావు, ఒక్కరోజు కూకో."

చీఫ్ ఆర్డర్ రెక్క వరకే. అతను ఒక చెట్టు చాటుకి పోయి సున్నం డబ్బా మూత తిప్పాడు. ఓవర్ హీట్ అని ఎర్ర లైటు వెలిగింది. ఇంకోసారి తిప్పాలి. నీడలో కాసేపు ఉంచాలి. అతను ఆ రెండూ చేయలేదు. డబ్బా మొలలో దోపుకుని పరిగెత్తుకుంటూ వచ్చేశాడు. దేశం కోసం అని తనకి తాను చెప్పుకున్నాడు కానీ, నమ్మలేదు.

రెక్క ఎవరు పట్టుకోవాలన్న ప్రశ్న వచ్చింది.

"తే, నేను పట్టుకుంట," అంది ఉప్పలమ్మ చీర చెంగు బిగించి. "రోజూ చూస్తలేనా? పది అడుగులు ఉరికి ఇడిసిపెట్టుడే కదా. దీనికో మొగోడు కావాల్నా?"

* * *

గాజు మూత మూసుకుంది. లోపల కొలిమిలా ఉంది. బెల్టులు భుజాల్ని బిగించాయి. మోకాళ్ల మధ్య నడిపే స్టిక్, కాళ్ల కింద పెడల్స్, ఎదురుగా ఎత్తు చూపే ఆల్టిమీటర్, ఎడమవైపు పసుపు రంగు నాబ్. దాన్ని లాగితే కేబుల్ ఊడిపోతుంది. ముందు సీట్లో ఒకటి, వెనక సీట్లో ఒకటి. పద్దెనిమిదేళ్ల వయసులో నేర్చుకున్నవి, ఒక్కటీ మరిచిపోలేదు.

వించ్ గర్జించింది. కేబుల్ బిగిసింది. ఉప్పలమ్మ చీర ఎర్రగా రెక్క పక్కన రెండు అడుగులు, ఐదు అడుగులు, అంతే, వెనక్కి పోయింది. నేల మీద చక్రం గడగడ ఠక్కున ఆగిపోయింది.

లేచింది.

సురేష్‌బాబు నవ్వాడో ఏడ్చాడో అతనికే తెలియలేదు. ముక్కు పైకెత్తుకుని గ్లైడర్ గాలిపటంలా ఎక్కుతోంది. యాభై అడుగులు. చెవుల్లో ఈల. వీపుని ఎవరో పెద్ద చేత్తో ఎత్తుకుంటున్నట్టుంది. వంద అడుగులు. పద్నాలుగేళ్ల అర్జీలు, సమోసాలు, గేదెలు, అన్నీ కింద రన్‌వే మీద చిన్నవైపోయాయి.

నూట ఇరవై. చెట్ల తలలు దాటారు. పక్కకి చూశాడు.

తూర్పున, ఎండకి తెల్లబారిన ఆకాశం కింద, పొగలు. ఒకటి కాదు. ఒకటి, దాని వెనక ఒకటి, దాని వెనక ఇంకొకటి. శబరి వైపు వరసగా, ఎవరో కొలిచి పాతినట్టు. ప్రతి పొగ కిందా మంట, ప్రతి మంట మీదా పైకి లేచే వేడిగాలి. గ్లైడర్ ఒక దాని మీద ఎక్కి, జారుకుంటూ రెండో దానికి చేరి, మళ్లీ ఎక్కొచ్చు. అలా సముద్రందాకా పోవచ్చు. ఉత్తరాన, జగదల్‌పూర్ వైపు, ఒక్క పొగ లేదు.

ఇప్ప ఏరినోళ్లెవలూ ఆ మాట చెప్పరు. క్వార్టర్స్‌లో పుట్టి, పువ్వు వాసన తప్ప పువ్వు పని తెలియనివాళ్లు చెబుతారు. బచేలి గార్డుగారి అమ్మాయి చెబుతుంది.

"స్టెల్లా," అన్నాడు. "జగదల్‌పూర్ ఉత్తరం కదా?"

ముందు సీట్లో స్టెల్లా తల తూర్పుకే తిప్పి ఉంది.

"ఎనిమిదేళ్లు అడిగాను సురేషూ," అందామె. "ఒక్క విమానం ఇవ్వలేదు మనోళ్లు. డ్రోన్లు ఉన్నాయిగా అన్నారు. వీళ్లిచ్చారు. అంతే. నీకు నేను చెప్పాలా? మూడు గంటలు నాతో రా. స్టిక్ నీకే ఇస్తాను."

నూట ఎనభై.

లెక్క సులువు. మూడొందల అడుగుల లోపు కేబుల్ తెగితే ఎదురుగా రన్‌వే మీద దిగడం తప్ప దారి లేదు. మూడొందలు దాటితే ఆమె తిప్పుకుని మొదటి పొగలోకి పోగలదు. ఆ తర్వాత ఏ నాబ్ లాగినా ఉపయోగం ఉండదు. ఒకవేళ తను పొరబడితే మన ఏజెంటునే నేలకి దించి, ఏడాది ఆపరేషన్ మంటగలిపినవాడవుతాడు. అయినా ఆమే ఒప్పుకున్నాక పొరపాటెక్కడిది?

రెండొందల పది. చేయి నాబ్ మీద ఉంది. లాగడం లేదు.

దేశద్రోహం అనే మాట ఆ క్షణంలో అతనికి గుర్తు రాలేదు. గాలి ఈల ఇంత బాగుంటుందని మాత్రమే అనిపించింది. మూడు గంటలు. స్టిక్ తన చేతిలో. ఈ ప్రపంచంలో తను అడిగింది అదొక్కటే. ఇచ్చేది శత్రువైతే ఏం?

రెండొందల అరవై. సముద్రం అడుగున, ఇనుప గొట్టంలో, చప్పుడు చెయ్యకుండా ఊపిరి బిగబట్టుకుని పనిచేసే కుర్రాళ్లు ఉంటారు. వాళ్లు కూడా ఏదో ఒకటి ఇష్టపడే ఆ పనిలో చేరి ఉంటారు. వాళ్లని ఎలా అమ్మేస్తాడు?

రెండొందల తొంభై.

"ఛీ!" అని గట్టిగా తిట్టి, సురేష్‌బాబు నాబ్ లాగాడు.

కేబుల్ టంగుమని ఊడిపోయింది. ముక్కు ఆకాశం వైపే ఉంది, వేగం పడిపోతోంది. ఇద్దరి చేతులూ ఒకేసారి స్టిక్‌ని ముందుకి తోశాయి. నేల కిందినుంచి తన్నుకుంటూ వచ్చింది. స్టెల్లా ఎడమకి, పొగ వైపు తిప్పబోయింది. అతను స్టిక్ మధ్యలో బిగించి పట్టుకున్నాడు. ఒక్క క్షణం రెక్కలు అటూ ఇటూ ఊగాయి. నేలకి దగ్గర్లో రెండు చేతులు పోట్లాడుకుంటే ఇద్దరూ చస్తారని ఎవరికన్నా బాగా ఆమెకి తెలుసు. పైలట్ కదా. చేయి తీసేసింది.

"నువ్వే దించు," అంది.

దించాడు. ఎయిర్‌బ్రేకులు తెరిచి, ముక్కు వంచి, ఆఖరున మెల్లగా ఎత్తి. వెనక ఇన్‌స్ట్రక్టర్ లేడు, చెప్పేవాడు లేడు. రన్‌వే అవతలి కొసన, ఎండబోసిన ఇప్పపువ్వు మీద గ్లైడర్ బంతిలా ఒక్కసారి ఎగిరి, చక్రం కింద పువ్వు చిట్లుతుంటే జారుకుంటూ పోయి, ఒక రెక్క వాల్చి ఆగింది.

గ్లైడర్ లేవగానే ఓడకి సిగ్నల్ ఇచ్చేసిన వెల్లర్, వించ్ దగ్గర నుంచి జీపెక్కి, పిస్తోలు తీసుకుని దూసుకొచ్చాడు. దొరకి గాలి లెక్కలు తెలుసు, ఇప్పపువ్వు సంగతి తెలియదు. ఎండలో పాకం కారుతున్న పువ్వు మీద బ్రేకు వేస్తే జీపు గిర్రున తిరిగి కాలువలో పడింది. లేచి నిలబడేలోగా పదిమంది ఆడవాళ్లు బుట్టలతో, చీపుళ్లతో చుట్టుముట్టారు. వాళ్లకి సబ్‌మెరైన్ల గురించి ఏమీ తెలియదు. మూడు రోజుల పువ్వు తొక్కాడన్నది మాత్రం తెలుసు. పిస్తోలు ఆ పువ్వులోనే ఎక్కడో పోయింది. భానుప్రసాద్ మోటార్‌సైకిల్ కిక్ కొడుతూ కొడుతూ దొరికిపోయాడు.

గాజు మూత ఎత్తాక స్టెల్లా బెల్టు విప్పుకుంది.

"పైన బావుందా?" అని అడిగింది.

"చాలా బావుంది. అందుకే నిన్ను చంపేయాలన్నంత కోపంగా ఉంది," అన్నాడు సురేష్‌బాబు, ఆమె చేతులకి ఎర్ర స్కార్ఫ్ కడుతూ. "ఇంకొంచెం సేపు ఉత్తరానికి పోతున్నానని అబద్ధం చెప్పి ఉండొచ్చుగా? ఇంకో పది సెకన్లు ఎగిరేవాణ్ణి."

* * *

సున్నం డబ్బాని ఉప్పలమ్మ నీళ్లకుండకి ఆనించి చల్లబరిస్తే గంటకి ఫోన్ కలిసింది. దారిలో తోంగ్‌పాల్ దగ్గర లారీ అడ్డంపడి, చీఫ్ రామ్మూర్తి వచ్చేసరికి పొద్దు వాలింది. నల్లపెట్టె తీసుకున్నాడు, ముగ్గురినీ వ్యాన్ ఎక్కించాడు. సిగ్నల్ అందుకుని మన జలాల్లోకొచ్చిన ఓడ కూడా పట్టుబడిందని చెప్పి, తన జీపు బానెట్ మీద రిపోర్టు రాయడం మొదలెట్టాడు.

"శత్రు విమానం నేల విడవక ముందే అడ్డుకోబడినది," అని చదివాడు.

"విడిచింది సార్. రెండొందల తొంభై అడుగులు ఎక్కింది. నేనే దించాను."

"పర్మిషన్ లేని విమానం, మన మనిషి లోపలుండగా ఎగిరిందని రాస్తే ఆరు నెలలు ఎంక్వయిరీ. ఎగరలేదు."

"మరి ఓడ ఎలా వచ్చింది?"

"వెల్లర్ తొందరపడి సిగ్నల్ ఇచ్చాడు. సంతకం పెట్టు."

సురేష్‌బాబు పెన్ను అందుకున్నాడు. జీవితంలో మొదటిసారి తన చేతులతో తానే దించిన విమానం అది. సంతకం పెట్టాడు.

చీఫ్ కాగితం మడవబోయి ఆగాడు. ఈ కొస చూశాడు, ఆ కొస చూశాడు. "అవునూ, గ్లైడర్ కిలోమీటరు అవతల పువ్వులోకి ఎలా వచ్చిందని అడిగితే?"

"తోసుకొచ్చామని రాయండి సార్," అన్నాడు సురేష్‌బాబు. "రెక్క నేనే పట్టుకున్నాను."